పది ముఖాలు, ఒక జత కళ్ళు

మా అత్తగారు టీ కూడా నడుస్తూనే తాగుతుంది. ఫోను వస్తే వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నాలుగుసార్లు తిరిగితే గానీ ఆవిడకి మాట రాదు. అలాంటి మనిషి ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసిందంటే పెళ్ళైన కొత్తలో నేను నమ్మలేదు. "అన్నేళ్ళు కూర్చుంది కదా, ఇప్పుడు తిరగనియ్యి" అంటాడు మా ఆయన. తల్లిని వెనకేసుకురావడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఆవిడ పని చేసింది ఒక ఫొటో స్టూడియోలో. తీసేది వేరే ఆయన, బాగుచేసేది ఈవిడ. అందరూ టచప్ అమ్మ అనేవారు. ఫొటోగ్రాఫరు ప్రింటు వెనకాల పెన్సిలుతో ఒక అక్షరం రాసి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి లోపలికి తోసేవాడు. మ అంటే మచ్చ తీసెయ్యాలి. జ అంటే చెదిరిన జుట్టు సర్దాలి. క అంటే కళ్ళు. ఫ్లాష్ వెలిగిన క్షణంలో ఆ మనిషి రెప్ప వేసేశాడన్నమాట. ఆ మూసిన రెప్పల మీద మా అత్తగారు తెరిచిన కళ్ళు వేయాలి. ఇప్పట్లా ఇరవై నొక్కి అందులో ఒకటి ఏరుకునే రోజులు కావవి. మనిషికి ఒక్కటే ఫొటో. రెప్ప వేస్తే వాడి ఖర్మ, తర్వాత మా అత్తగారి ఖర్మ.

"మొదట్లో ఊహించుకుని వేసేదాన్నే. అన్నీ చేప కళ్ళే వచ్చేవి. ఒక పెళ్ళికొడుకు తన ఫొటో చూసుకుని, నేనెందుకు మా మామగారిని ఉరిమి చూస్తున్నానని పేచీ పెట్టాడు" అని ఆవిడే చెప్పేది. ఆ పేచీ తర్వాత బల్ల మీద ఒక చేతి అద్దం పెట్టుకుందట. మూడు వెంట్రుకల కుంచెని నాలిక మీద తడి చేసుకోవడం, అద్దంలో చూసుకోవడం, వేయడం. పొడుగు మొహానికి కాస్త సాగదీసేది, గుండ్రటి మొహానికి కాస్త కుదించేది. మగవాళ్ళకైతే కనుబొమ్మ కింద నీడ పెంచేది. ఎంత మార్చినా వేసింది మాత్రం తన కళ్ళే. ఈ అద్దం సంగతి ఆవిడ నాకు చెప్పింది మొన్న మొన్ననే, అదీ తప్పనిసరై.

నేను కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కనుపాపల మధ్య దూరం ఎంతో కొలిచి రాసుకోవడం నా పని. అందుకని నేను మొహాలు మర్చిపోతాను గానీ కళ్ళు మర్చిపోను. మా అత్తగారి ఎడమకంటి రెప్ప కుడిదానికంటే నూలుపోగంత కిందికి ఉంటుంది. లోపలి మూల కాస్త కోసుగా ఉంటుంది. ఆ కళ్ళు పద్నాలుగేళ్ళుగా వంటింటి గుమ్మంలోంచి నన్ను చూస్తూ "ఇంకా కాలేదా" అంటున్నాయి కాబట్టి, నిద్రలో చూపించినా గుర్తుపడతాను.

గుర్తుపట్టనే పట్టాను. దుకాణంలో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం ఫోను చూస్తున్నాను. వింత వస్తువులు సేకరించి పెట్టే ఒక అమ్మాయి పేజీ ఉంది, నాకు భలే కాలక్షేపం. పాత సామాన్ల కొట్లన్నీ గాలించి తెస్తుంది. రెండు చెవులూ ఒకే పక్కకి గీసిన మంగలి షాపు బోర్డు, కడుపులో గడియారం ఉన్న పింగాణీ పిల్లి, పై పొర చిరిగి హీరో బుగ్గల మీదకి విలన్ మీసం బయటపడ్డ సినిమా పోస్టరు, ఇలాంటివి. ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి తొమ్మిది పాత ఫొటోలు పెట్టింది. కొత్త దంపతులు, ఒక తాతగారు, ఒక ఫుట్‌బాల్ జట్టు కెప్టెను, కవలపిల్లల తల్లి. ఎవరికి ఎవరూ ఏమీ కారు. చివర్లో ఆ తొమ్మిది మందివీ కళ్ళు మాత్రం పట్టీలుగా కత్తిరించి, ఒకదాని కింద ఒకటి పేర్చి, "తొమ్మిది కుటుంబాలు, ఒకే జత కళ్ళు. ఎవరీవిడ?" అని రాసింది.

కింద జనం ఒకటే గోల. దయ్యం అని ఒకడు, మా మేనేజరు అని ఇంకొకడు, ఊరందరికీ ఒకే మేనత్త అని మరొకావిడ. నాకు నవ్వు ఆగలేదు. తాతగారి తెల్ల మీసం పైనుంచి మా అత్తగారు నన్ను చూస్తోంది! సాయంత్రం ఎప్పుడవుతుందా అని కాచుకున్నాను. ఈ దెబ్బతో ఆవిడ మురిసిపోతుంది, వారం దాకా నా జోలికి రాదు అనుకున్నాను.

ఇంటికెళ్ళి ఫోను చేతికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క పట్టీనీ వేలితో పైకి జరుపుతూ చూసింది. తర్వాత ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టింది.

"దీన్ని తీసెయ్యమను" అంది.

"అదేంటి అత్తయ్యా, లక్షమంది చూశారు!"

"అందుకే తీసెయ్యమంటున్నా."

అప్పటి నుంచి ఆవిడ తిరుగుడు తీరు మారింది. అంతకుముందు ఏదో ఒక పని మీద తిరిగేది. ఇప్పుడు కాలుగాలిన పిల్లిలా ఊరికే తిరుగుతోంది. కుళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే వదిలేసి వెళ్ళిపోతుంది. పైనుంచి మెట్ల మీద ఎవరైనా దిగుతున్న చప్పుడైతే ఠక్కున తలుపు వేసేస్తుంది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతుంది. మూడో రోజుకి నాకు చిరాకెత్తింది. ఒకే ఇంట్లో ఒక మనిషి అలా తిరుగుతుంటే పక్కనున్నవాళ్ళకీ కాళ్ళు నిలవవు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, విషయమేమిటో చెప్తే గానీ కదలనన్నాను.

ఆవిడ గొంతు తగ్గించింది. "పైన టైలరమ్మాయి గదిలో ఫొటో చూశావు కదా?"

చూడకపోవడమేమిటి. మా పై అంతస్తులో ఉండే టైలరక్కకి నలభై రెండేళ్ళు, ఒక్కతే ఉంటుంది. ఆమెకి ఏడాదిన్నర నిండకముందే తల్లి పోయింది. మిగిలింది ఒకే ఒక్క ఫొటో. స్టూడియో స్టూలు మీద తల్లి కూర్చుని ఉంటుంది, ఒళ్ళో పదినెలల టైలరక్క. తల్లి సూటిగా మన వైపు చూస్తూ ఉంటుంది. ఆ ఫొటో మిషనుకి ఎదురుగా గోడ మీద ఉంటుంది. ఆమె కుడుతూ కుడుతూ దానితో మాట్లాడుతుంది. "ఈ కాలరు నిలబడుతుందంటావా అమ్మా?" అని అడుగుతుంది. కొలతలు ఒకటి చెప్పి తర్వాత ఇంకోటి చెప్పామని దబాయించే మనుషులు వస్తే, వాళ్ళు వెళ్ళాక ఫొటో వైపు చూసి "విన్నావా?" అంటుంది. కొత్తగా ఎవరొచ్చినా తన కళ్ళజోడు తీసి మరీ చూపిస్తుంది, కళ్ళు అమ్మ పోలికేనని.

"అది కూడానా?" అన్నాను. అమ్మ కళ్ళేనని టైలరక్క మొదటి రోజే చెప్పేయడంతో, ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా ఆ కళ్ళని నేను వేరే పోల్చి చూడలేదు.

"ఈ ఇంట్లోకి మారిన వారంలో బట్టలు కుట్టించడానికి పైకెళ్ళాను. గోడ మీద నన్ను నేనే చూసుకున్నాను. బట్టలు అక్కడే పెట్టేసి వచ్చేశాను. మళ్ళీ ఎక్కలేదు."

ఎనిమిదేళ్ళుగా ఏం కుట్టించాల్సి వచ్చినా నన్నే పంపేది. నేనేమో ఆవిడకి మోకాళ్ళ నొప్పులని కొన్నాళ్ళు, పొగరని కొన్నాళ్ళు అనుకున్నాను. మనసులో తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి నాకే సిగ్గేసింది.

"చెప్పకండి అత్తయ్యా" అన్నాను. "ఇన్నేళ్ళూ తెలియలేదు, ఇకముందు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆమె పాటికి ఆమె సంతోషంగా ఉంది."

"లక్షమంది చూశారని నువ్వే కదే అన్నావు!"

పైగా ఆ పేజీ పెట్టే అమ్మాయి తన వింత వస్తువులన్నిటితో ఆదివారం లైబ్రరీ హాల్లో ఒక ప్రదర్శన పెడుతోందట. మీ ఇళ్ళలో ఇలాంటి పాత ఫొటోలుంటే పంపండి అని పిలుపు కూడా ఇచ్చింది. అప్పటికే శుక్రవారం. మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి, అత్తగారిని తీసుకుని ఆ అమ్మాయి దగ్గరికి బయల్దేరాను.

లైబ్రరీ వెనకాల ఒక పొడుగాటి గదిలో ఆ అమ్మాయి కాపురం. బొమ్మల తలలు, పాత కాలెండర్లు, చిలుక ఆకారంలో టెలిఫోను, అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. ఫొటోలు దిద్దింది మా అత్తగారని చెప్పగానే ఆ పిల్ల కెవ్వున అరిచి, ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

"మీరేనా ఆంటీ! కళ్ళజోడు తియ్యండి, ఒక్కసారి, ఒక్కసారి! అయ్యో, నిజంగా మీరే! అందరి ఇళ్ళలోనూ మీరున్నారు, తెలుసా? ఇది ఎంత గొప్ప ఆర్టో మీకు తెలియట్లేదు."

"ఆర్టు కాదమ్మా, పని" అంది మా అత్తగారు. ఆ ఇరుకులోనే కుర్చీ చుట్టూ తిరుగుతోంది. "నువ్వు దాన్ని తీసెయ్యాలి."

పిల్ల మొండిది కాదు. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది గానీ వెంటనే ఒప్పుకుంది. "మీరు వద్దంటే పేజీలోంచి తీసేస్తాను. కానీ జనం ఎవరికి వాళ్ళు పంపుకున్నారు, అవి నా చేతిలో లేవు. అయినా ఆంటీ, ఇంత చక్కటి విషయానికి ఎందుకు భయపడుతున్నారు? నిన్ననే పదోది కూడా దొరికింది, చూడండి." ఫోను తిప్పి చూపించింది.

స్టూలు మీద తల్లి, ఒళ్ళో బిడ్డ.

"ఒక టైలరు పంపింది. పాత ఫొటోల ప్రదర్శన అనుకుని పంపింది పాపం, ఈ కళ్ళ సంగతి ఆవిడ చూడనే లేదు. నేనింకా చెప్పలేదు. రేపు అసలు ఫొటో తీసుకుని వస్తోంది. అందరి ముందూ ఆవిడ ఫొటోని ఈ తొమ్మిదింటి పక్కన పెడితే ఎలా ఉంటుందో ఊహించండి!"

నేను ఊహించాను. మా అత్తగారు ఊహించడానికి కూడా ఆగలేదు, అప్పటికే బయట మెట్లు దిగుతోంది. ఆ పిల్లకి రెండు ముక్కల్లో విషయం చెప్పి, నోరు తెరుచుకుని నిలబడ్డ దాన్ని అలాగే వదిలేసి, నేను వెనకాల పరిగెత్తాను. డెబ్భై ఏళ్ళ మనిషిని అందుకోవడానికి నాకు వీధి చివరి దాకా పట్టింది. ఇంటికొచ్చాక ఆవిడ మా తలుపు దగ్గర ఆగలేదు. తిన్నగా పై మెట్లెక్కింది.

టైలరక్క మమ్మల్ని చూసి మిషను ఆపకుండానే నవ్వింది. "పిన్నిగారే! ఎనిమిదేళ్ళకి దారి తెలిసిందా? కూర్చోండి. రేపు లైబ్రరీకి వస్తున్నారు కదా, మా అమ్మ ఫొటో పెడుతున్నారక్కడ." ఫ్రేము అద్దం తుడిచి, గోడ మీదే కొత్త రిబ్బను కట్టి ఉంచింది.

ఎలా మొదలుపెట్టాలో దారంతా ఆలోచించుకున్నాను. ఏదో మెల్లగా, పాత స్టూడియో కబుర్లలోంచి తీసుకొద్దామనుకున్నాను. మా అత్తగారు నాకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వలేదు.

"ఆ కళ్ళు మీ అమ్మవి కావమ్మా. నావి" అంది.

టైలరక్క నవ్వుతూనే నా వైపు చూసింది, ఈవిడకేమైంది అన్నట్టు. నేను తల దించుకున్నాను. మా అత్తగారు కళ్ళజోడు తీసి, గోడ దగ్గరికి నడిచి, ఫొటో పక్కన మొహం పెట్టి నిలబడింది. మిషను ఆగిపోయింది. టైలరక్క ఫొటో వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది, మళ్ళీ ఫొటో వైపు చూసింది. స్టూడియో గురించీ, క అనే అక్షరం గురించీ, అద్దం గురించీ మా అత్తగారు నిలబడే చెప్పింది. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

"అంటే నేను ఇన్నాళ్ళూ మీతో మాట్లాడానా?" అంది టైలరక్క. "మా ఆయన వదిలేసి వెళ్ళిననాడు రోజంతా దీని ముందు కూర్చుని ఏడ్చాను. అమ్మ చూస్తోందనుకున్నాను. అది మీరా?"

"నేనే."

"తెలిసి కూడా ఎనిమిదేళ్ళు కింద ఊరుకున్నారా!"

"ఊరుకోలేదమ్మా. ఒక్కరోజు కూడా ఊరుకోలేకపోయాను."

టైలరక్క లేచి గోడ మీది ఫ్రేము తీసింది. రిబ్బను పీకి అవతల పారేసింది. ఫ్రేము వెనక మేకులు కత్తెర మొనతో ఊడదీసి, ఫొటోని మిషను బల్ల మీద పెట్టి, మా అత్తగారి వైపు తోసింది.

"మీ కళ్ళు మీరు తీసుకుపోండి."

"తీస్తే వస్తాయి. తెల్లరంగు పైనే కూర్చుంటుంది, లోపలికి ఇంకదు" అంది మా అత్తగారు. "కానీ కింద మూసిన రెప్పలే ఉంటాయి. మళ్ళీ వెయ్యమన్నా వెయ్యలేను, నా చెయ్యి నిలవదిప్పుడు. మూసిన కళ్ళతో అమ్మని చూడగలవా?"

"మా అమ్మవైతే చాలు."

నాకు మధ్యలో దూరి ఆపాలనిపించింది. నలభై ఏళ్ళ కిందటి కాగితం, ఉన్నది ఒక్కటే ప్రతి, పైపెచ్చు ఈవిడ చెయ్యి నిలవదని ఈవిడే అంటోంది. చిరిగితే ఎవరు తెచ్చిస్తారు? కానీ ఆ ఇద్దరిలో ఎవరూ నన్ను మనిషిగా లెక్కచేసే స్థితిలో లేరు.

మా అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. అగ్గిపుల్లకి దూది చుట్టి, కొసని నాలిక మీద తడి చేసింది. నీళ్ళెక్కువైతే ఫొటో మీది పొర ఉబ్బుతుందట, ఉమ్మి తడి అయితే సరిగ్గా సరిపోతుందట. ఇంకెవరికైనా రోత పుట్టేదేమో గానీ, రోజంతా దారం నోట్లో పెట్టి తడిచేసి సూదికెక్కించే టైలరక్కకి అదేమీ వింత కాదు. మా అత్తగారు ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మొదట ఎడమ కన్ను మీద అద్దింది. రుద్దలేదు. అద్దడం, తీయడం. దూది మీదకి తెలుపు వచ్చింది, తర్వాత నలుపు. నాలుగు పుల్లలు మార్చింది. మా అత్తగారి ఎడమ కన్ను, ఆ నూలుపోగంత వాలిన రెప్పతో సహా, దూదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత కుడిది.

అయ్యాక ఫొటోని కిటికీ వెలుగులోకి జరిపి, తను పక్కకి తప్పుకుంది.

టైలరక్క చాలాసేపు చూసింది. నేను ఆమె భుజం మీంచి చూశాను. నా వృత్తి కళ్ళు కాబట్టి నాకు ముందే తెలిసిపోయింది, కానీ చెప్పే హక్కు నాది కాదని నోరు మూసుకున్నాను. రెప్ప వేసిన కన్ను బిగిసి ఉంటుంది, చుట్టూ చర్మం ముడుచుకుంటుంది. ఈ రెప్పల్లో బిగింపు లేదు. సగం వాలి ఉన్నాయి, వెంట్రుకల కింద సన్నటి తడి గీత మెరుస్తోంది. టైలరక్క ఆ రెప్పల దగ్గర వేలు పెట్టి, అవి చూస్తున్న వైపుకి మెల్లగా కిందికి జరిపింది. వేలు వెళ్ళి ఒళ్ళో ఉన్న బిడ్డ మొహం మీద ఆగింది.

"మూసుకోలేదు" అంది. "నన్ను చూస్తోంది."

మా అత్తగారు వంగి చూసింది. ఫొటో తిప్పి వెనకాల ఉన్న పెన్సిలు అక్షరం చూసింది, మళ్ళీ ముందుకి తిప్పింది. "ఆయన క అని రాశాడు. కెమెరా వైపు చూడకపోతే మాకు అది తప్పే" అంది. ఇంకేదో అనబోయి అనలేకపోయింది. "నేనే ఈ చూపుని తిప్పేశాను" అనే మాట అయి ఉంటుంది, ఎందుకంటే నాకూ అదే తోచింది.

టైలరక్క ఏడవలేదు. మమ్మల్ని తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఫొటో మీంచి చూపు తీయకుండా, "మీరు వెళ్ళండి పిన్నిగారూ" అంది. "మా అమ్మతో కాసేపు ఉంటాను."

మేం బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాం. ఇకనైనా ఈవిడ నెమ్మదిస్తుంది, కంచం ముందు కూర్చుని కడుపునిండా తింటుంది అనుకుంటూ మెట్లు దిగుతున్నాను. సగం మెట్ల దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆ పిల్లకి ఫోన్ చెయ్యవే. మిగతా తొమ్మిదీ ఎక్కడివో, ఎవరివో కనుక్కో."

"తీసేస్తానంది కదా అత్తయ్యా, ఇంకెందుకు?"

"తీసెయ్యడానికి కాదు. వాళ్ళు కూడా రెప్ప వేసుండరేమోనే. పక్కనున్న వాళ్ళనెవరినో చూసుకుంటున్నారేమో."